నల్లబిళ్ళ మీద చూపు

గద్వాలల తిరుపతమ్మ పొద్దుగాల్నే వాకిలి ఊడ్చి, సాన్పు జల్లి, అరుగు మీద కూసునేది. అప్పుడు వాడకట్టోళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ సామాను తీస్కపోయేటోళ్ళు. ఆమె దేన్ని చూసి కుళ్ళుకుంటే అది తెల్లారేసరికి ఆమె ఇంట్ల ఉండేది. రేణుకమ్మ కుక్కరు, ఎవరివో పట్టగొలుసులు, ఒకపారి పాలిచ్చే బర్రె గూడ. "జర చూపు అదుపుల పెట్టుకోరాదమ్మా, బర్రెను గుంజుకపోవుడు మా తోని అయితలేదు" అని గొణుక్కుంట పోయేటోళ్ళు. అంతకుమించి ఎవ్వరూ ఏమనలె. కొందరికి నడుం నొస్తది, తిరుపతమ్మకు గిట్లయితది.

పక్క వాటాల ఆమె తోడికోడలు ఉమ ఉండేది. లగ్గమై పదకొండేండ్లయినా తిరుపతమ్మ కడుపు పండలె. ఉమకేమో ఏడాది తిరక్కముందే నెల తప్పింది. వాడంత ఉమ చెవుల ఒక్కటే పోరు: "మీ అక్క కంట పడకు. కుక్కరైతే పోయి తెచ్చుకుంటవు, కడుపుల బిడ్డనెట్ల తెచ్చుకుంటవే?"

ఆ భయంతోనే ఉమ వనపర్తిల ఏదో మీటింగుకు పోయి శక్తిబిళ్ళ కొన్నది. నల్లటి బిళ్ళ, అరచేతిల పట్టేంత. టై కట్టుకున్న ఒకాయన, రక్తం శుద్ధి అయితది, బిడ్డకు బలం, దిష్టి దగ్గరికే రాదని చెప్పిండట. పొడుగు దారం కట్టి, కడుపు మీద పడేటట్టు ఏసుకున్నది.

"ఏందమ్మా గా సోకు! మేం మనుషులం కాదా, మాకు పనికిరాదా?" అన్నది తిరుపతమ్మ.

తెల్లారేసరికి బిళ్ళ తిరుపతమ్మ మెడల ఉన్నది. ఉమ పోయి గుంజుకొచ్చింది. బువ్వ తినే యాళ్లకు మళ్ల మాయం. ఐదు నెలలు ఇదే లొల్లి. ఉమ దగ్గర అది దినానికి గంట గూడ నిల్వలె.

"నీకు సిగ్గు లేదా అక్కా? నా బిడ్డకు తెచ్చుకున్నది గూడ నీకే కావాల్నా?"

"కావాలె. నాకే కావాలె" అన్నది తిరుపతమ్మ, కండ్లు బిళ్ళ మీదికెళ్ళి తియ్యకుండ.

ఏడో నెలల ఉమను కాన్పుకు తోల్కపోను ఆమె అన్న శ్రవణ్ కుమార్ వచ్చిండు. అమ్రాబాద్ బళ్ళె సైన్సు సారు. "అన్నా, పోయేముందు నా బిళ్ళ ఇప్పియ్యి" అని ఉమ ఏడ్చింది. ఆయన పోయి బిళ్ళను తిప్పి చూసి, సంచిల నుంచి రేడియేషన్ కొలిచే చిన్న మీటరు తీసి దగ్గర పెట్టిండు. మీటరు టిక్కుటిక్కుమని ఆగకుండ కొట్టుకున్నది.

శ్రవణ్ మొఖం మాడిపోయింది. "యురేనియం తవ్వొద్దని మేం అడివంత తిరిగి కొట్లాడితిమి. గసొంటి మన్నునే నువ్వు కొని మెడలేసుకుంటివా? నూరేండ్ల కింద బయటి దేశాలల్ల రేడియం నీళ్ళు బలం మందని తాగి, దవడలు కుళ్ళి సచ్చిన్రు. ఇప్పుడు పేరు మార్చి బిళ్ళలమ్ముతున్రు. కడుపు మీద పెట్టుకునేదేనా ఇది?"

ఉమ రెండు చేతులు కడుపు మీద పెట్టుకున్నది. తిరుపతమ్మ దిక్కు చూసింది. బిళ్ళ ఆనిన కాడ ఆమె కడుపు మీద తోలు ఎర్రగ కమిలి పొట్టు లేస్తున్నది.

"అక్కా, నువ్వు దీని మీద కుళ్ళుకోకపోతే నా బిడ్డ..."

"దీని మీద నాకేం కుళ్ళు?" కయ్యిమన్నది తిరుపతమ్మ. "నా కుళ్ళంత నీ కడుపు మీదనే ఉమా. సచ్చేంత కుళ్ళు. చూపు ఆడికి పోతే బిడ్డ నా కడుపులకు వస్తదని భయమై, దినాం ఆ చూపును గుంజి గుంజి ఈ బిళ్ళ మీద పెట్టిన."

శ్రవణ్ బిళ్ళను డబ్బల పెట్టి మూత బిగించిండు. "నువ్వు గూడ దవాఖానల చూపించుకోవాలె అక్కా" అన్నడు మెల్లగ.

"చూపించుకుంట తియ్యి. ముందు మీ చెల్లెను జల్ది తోల్కపో. బిళ్ళ పాయె, ఇగ నా చూపు యాడ పెట్టాల్నో నాకు తెల్వదు."

ఆటో కదిలేదాక ఆమె గోడ దిక్కు మొఖం పెట్టుకొని నిలబడ్డది.