తొక్కుడు కర్ర మీద పాదం

అయినా ఇంట్లో ఉండే మనిషికి కీలు బిగించేస్తే చాలమ్మా అని ఆ ఫరహత్ డాక్టరమ్మ ఎంత తేలిగ్గా అనేసింది, ప్రొద్దుటూరు ఆస్పత్రి బెంచీ మీద కూచున్న లక్ష్మీకాంతమ్మకు ఆ మాటే చెవిలో జోరీగ మాదిరి తిరుగుతాంది, పాపం ఆయమ్మదేం తప్పుంది, పులివెందులలో అప్పుడెప్పుడో పాదంలో కీళ్లు బిగించేసినారు కాబట్టి భారమంతా చీలమండ మీద పడి పట్టు సడలిపోయిందమ్మా, దాన్ని గూడా బిగించేస్తే నొప్పీ ఉండదు, మడత పడేదీ ఉండదు అనింది, లేదంటే మడమ ఎముక కోసి సరిగ్గా నిలబెట్టి, సాగిన నరాలు గట్టి చేసి కీలును కాపాడొచ్చు, దానికి శానా నెలల ఓపిక కావాల, మళ్లీ వదులు కాదని మాట ఇయ్యలేను అని గూడా అనింది, అన్నీ విడమరిచే చెప్పింది, నువ్వేం పని చేస్తావమ్మా అని అడిగింది, అడిగిన పాపానికి పక్కనున్న మొగుడు ఆదినారాయణ ముందే అందుకున్నాడు, ఇంటి పనే మేడం, నేసేది నేను, నాకు నూలు కండెలు చుట్టిస్తాదంతే అని.

కండెలంట కండెలు! ఆయన కండ్లకు మసక కమ్మినప్పటి నుంచి జమ్మలమడుగు ఇంట్లో మగ్గం గుంటలోకి దిగేదెవురు, తొక్కుడు కర్రలు తొక్కేదెవురు, బిగిసిన పాదం వంగనంటే చీలమండనే పక్కకు తిప్పి తిప్పి తొక్కింది, అట్లనే కదా అది సాగిపోయింది, వీధిలో ఆయన పరువు పోకూడదని తలుపు దగ్గరకేసుకుని నేసింది, ఎవురన్నా వస్తే గబుక్కున పైకొచ్చి రాట్నం ముందర కూచునింది, వీధి ముందర ఆ నాటకం సరే, కాలు కోసే డాక్టరమ్మ ముందర గూడానా, ఛీ, ఏం మనుషులం, చీలమండ కదలకుంటే తొక్కేదెట్లా, తొక్కకుంటే ఆ గుంటలో పిల్లులు పండుకోవాల్సిందే.

ఏది చేయాల్నో చెప్పమని లోపలికి పిలుస్తాండారు పా అన్నాడు ఆదినారాయణ, లేచింది, చీలమండ జారింది, ఆయన భుజం పట్టుకుంది, ఆ భుజాన్ని చూస్తే కోపమూ వచ్చింది జాలీ వచ్చింది, బిగించేయమని చెప్తాలే అన్నాడు, ఉండబ్బా నువ్వు, నెలలైతే నెలలు మంచంలో పడుంటా, మళ్లీ వదులైతే అప్పుడు చూసుకుంటా అనింది, ఆయన తల దించుకుని ఆమె వెనకాలే గదిలోకి వచ్చినాడు, ఇన్నేండ్లూ ఈయప్పే తన పనిని దాచినాడని కుతకుతలాడింది గానీ ఒక్కనాడన్నా తన నోటితో తాను చెప్పిందా, లేదు, చెప్పలేదు, డాక్టరమ్మ తలెత్తి చూసింది, మేడం, మా ఇంట్లో మగ్గం నేసేది నేను, కీలు కాపాడండి.