బర్దీస్‌కి అతిథి మర్యాదలు

అలెగ్జాండ్రియాలోని ఆ మేడలో ఇనాయాత్ గుమ్మం తొక్కి టీ తాగకుండా వెళ్ళినవాళ్ళు లేరు. మీటరు చూడ్డానికొచ్చినవాడికి కూడా రెండో గ్లాసు తప్పేది కాదు. అయితే ఎనిమిదయ్యేసరికి అందరూ లేచి వెళ్ళిపోయేవారు. వెళ్ళిపోని ప్రాణి ఒకటి కావాలని, భర్త పోయిన మూడో ఏట, పిల్లుల ఆశ్రమం నుంచి పదకొండేళ్ళ పిల్లి బర్దీస్‌ను తెచ్చుకుంది.

"ఒక గది, తిండి, నీళ్ళు, ఇసుక తట్ట. అంతే ఆంటీ. పిలవొద్దు, బతిమాలొద్దు. ముసలిది, దానంతటదే వస్తుంది," అంది ఆశ్రమం అమ్మాయి నెర్మీన్. "నాలుగో రోజు వచ్చి చూస్తా. తినకపోతే తీసుకెళ్ళిపోతా."

ఇనాయాత్ సరేనంది. కానీ ఇంటికొచ్చినవాళ్ళని పలకరించకుండా వదిలెయ్యడమా! పరువుండొద్దూ? వేయించిన చేప, అది కాదంటే కార్జం, బీరువా కిందికి తోసింది. "నా మీద ఒట్టు, ఒక్క ముక్క!" అని నేల మీద బోర్లా పడుకుని బతిమాలింది. బర్దీస్ ఇంకాస్త గోడకి జరిగింది.

ఈలోగా మేడంతా పలకరింపులకు దిగింది. కొత్తగా ఎవరొచ్చినా బస్బూసా మిఠాయి పళ్ళెంతో వెళ్ళి చూడటం ఆనవాయితీ, పిల్లి అయితే మాత్రమేం? పై అంతస్తు బహీగా దిష్టి తగలకుండా సాంబ్రాణి పొగ వేసింది. బీరువా కింద తుమ్ములు మొదలయ్యాయి.

"చూశావా, దిష్టి ఎలా పోతోందో!" అంది బహీగా.

మూడో రోజు సాయంత్రానికి కూడా పిల్లి నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. తెల్లారితే నెర్మీన్ వస్తుంది. మళ్ళీ ఎనిమిది దాటాక ఇంట్లో తనూ, నాలుగు గోడలూ. ఇనాయాత్‌కి ఏడుపొచ్చింది. అప్పుడే బహీగా తలుపు కొట్టింది, తాంతా ఊరి నుంచి వచ్చిన చెల్లెల్ని వెంటబెట్టుకుని.

"దీనికి పిల్లిని చూపిద్దామని తెచ్చానక్కా."

"ఇనాయాత్ ఇంట్లో లేదు," అంది ఇనాయాత్.

"అదేంటి! మరి నువ్వెవరు?"

"లేనని చెబుతున్నాగా!" అని ధడాలున తలుపు వేసేసింది.

నలభై ఏళ్ళ పరువు ఒక్క దెబ్బకి పోయింది. బీరువా వైపు వీపు పెట్టి కుర్చీలో కూలబడింది. ఇక పిలవలేదు, వంగి చూడలేదు, అంత ఓపిక కూడా లేదు. గంటకి వెనకనుంచి చేప నమిలే చప్పుడు వినపడింది. ఆమె తల తిప్పలేదు.

మర్నాడు నెర్మీన్‌కి కుర్చీ చూపించి ఊరుకుంది. టీ లేదు, కబుర్లు లేవు. బర్దీస్ గిన్నె ఖాళీ చేసి సోఫా ఎక్కింది. "భలే కుదురుకుంది," అని కాగితం మీద రాసుకుని వెళ్ళింది ఆ అమ్మాయి.

మెట్ల మీద బహీగా కాపు కాసింది. "టీ ఇచ్చిందా?"

"లేదండీ."

"హవ్వ! పిల్లిని మచ్చిక చేస్తుందనుకున్నాం. మన ఇనాయాతే పిల్లి అయిపోయింది!"

తలుపు లోపల ఇనాయాత్‌కి ఆ మాట వినపడింది. మొన్నటిదాకా అయితే సిగ్గుతో చచ్చిపోయేది. ఇప్పుడు బర్దీస్ పక్కన కాళ్ళు చాపుకుని, హాయిగా ఆవులించింది.