అవతలి దేశపు తల్లుల కొరకు

పార్టీ లీడరు లక్ష్మీరాజం అనేవాడు లేకపోతే యుద్ధం తన వంటింటి దాకా వచ్చేది కాదని తెరేజమ్మ నమ్మకం. ఎక్కడో సరిహద్దులో బాంబులు పడితే ఇక్కడ జమ్మికుంటలో ఆమె ఎనిమిది కిలోల శనగలు నానబోసింది. మే నెలంతా మరియమాత స్వరూపం ఇంటింటికీ తిరుగుతుంది. ఏ ఇంటికి వస్తే ఆ ఇంట్లో సాయంత్రం జపమాల, తర్వాత అందరికీ ఉడికించి పోపేసిన శనగ గుడాలు. ఏటా మూడు కిలోలు సరిపోయేవి. ఈసారి పార్టీ వాళ్లు కూడా వస్తున్నారని పొద్దున చాయ్ తాగుతూ భర్త సదానందం చెప్పాడు. చెప్పడమంటే అంతే, చెప్పి గ్లాసు అక్కడే వదిలేయడం.

"లక్ష్మీరాజమన్న వస్తుండు. వీడియో తీస్తరు, హైదరాబాద్ దాకా పోతది. జపమాల ముందట గీ కాయితం చదువు."

మన సైన్యం గెలవాలని, శత్రుదేశం మట్టిలో కలిసిపోవాలని రాసి ఉంది.

"మొన్న ఆదివారం ఫాదర్ ఏం జెప్పిండు? కత్తి ఒరల పెట్టుమని పేతురుతోని ప్రభువు అన్నడని చెప్పలే? రోముల పోప్ గూడ యుద్ధం ఆపుమని మొత్తుకుంటుండట. ముందట కూసొని తలూపినవ్ గద నువ్వు."

"గుడిల తలూపుతం. బయట ఓట్లుంటయ్. ఫాదర్‌కు పెండ్లామా, పిల్లలా, టికెట్టా? మనం చర్చోల్లం, మన మీద ముందే అనుమానం. అందరు ఒక్కసారి అరిస్తే మనం రెండుసార్లు అరవాలె."

ఆ మాటలో నిజం లేకపోలేదు. అదే ఆమెకు మరీ చేదు. భయపడ్డ మొగుడు ధైర్యం నటించడానికి పెళ్లాం గొంతు కావలసి వచ్చింది.

పదహారేళ్లుగా జపమాల నడిపించేది ఆమే. ఇంట్లో ఆమె మాటకు బదులిచ్చేవాళ్లు లేరు. ఉప్పెక్కువైందని చెప్పడానికి తప్ప సదానందం ఆమె ముఖం చూడడు. ఆదివారం చర్చి పూజలో ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ కూడా అంతే. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. కుడివైపున్న ప్రతివాడికీ వంగి వంగి చేతులు జోడిస్తాడు, ఇటు తల తిప్పడు. ముందురోజు చెంప పగలగొట్టిన వారం కూడా తిప్పలేదు. కానీ జపమాల చేతబట్టి ఆమె ఒక్క మాటంటే యాభై గొంతులు బదులిస్తాయి. అది ఆమెది. ఆమెదంటూ సుల్తానాబాద్ శివారులో, కాలువ కింద బాపు రాసిచ్చిన పొలం కూడా ఉండేది. కౌన్సిలర్ టికెట్ ఇప్పిస్తానని లక్ష్మీరాజం ఆశ పెడితే నిరుడు సదానందం దాన్ని అమ్మించి, పైసలన్నీ అతని చేతిలో పోశాడు. "సంతకమే గద బిడ్డా, వేళ్లు అరుగుతయా?" అంది అత్త భూమవ్వ. ఇప్పుడు టికెట్ రాకపోతే పొలమూ లేదు, పైసలూ లేవు. కాగితం చదివితే కనీసం పొలం ఊరికే పోలేదనుకోవచ్చు. చదివేద్దామనే అనుకుంది, గుడాలకు పోపు వేసేదాకా.

సాయంత్రం పార్టీ కండువాలు గోడవారన కూర్చున్నాయి. లక్ష్మీరాజం ఫోన్ ఎత్తి పట్టి, "చెల్లె, జర గట్టిగ చదువు," అన్నాడు. తెరేజమ్మ కాగితం చూసింది. మట్టిలో కలవాల్సిన ఊళ్లలో కూడా ఈ వేళకు పొయ్యి ముందు ఒక ఆడమనిషి కూర్చుని ఉంటుంది. కాగితం మడిచి పక్కన పెట్టింది.

"మన సిపాయిల తల్లుల కొరకు. అవతలి దేశపు తల్లుల కొరకు. ఎవ్వల కొడుకు పానం పోవద్దని."

లక్ష్మీరాజం ముఖం మాడిపోయింది. సదానందం పళ్లు కొరుకుతూ జపమాల మొత్తం ఓర్చుకున్నాడు. చివర మరియమాతను ఒక్కో బిరుదుతో పిలిచే ప్రార్థన. తెరేజమ్మ బిరుదు పలకడం, ముసలమ్మలు కళ్లు మూసుకుని "మా కొరకు వేడుకొనండి" అనడం. గానుగెద్దు నడకలా సాగుతోంది. "శాంతి రాజ్ఞీ" అన్నాక, వీడియోను ఎట్లాగైనా కాపాడుకోవాలని సదానందం లేచి పిడికిలెత్తాడు.

"భారత్ మాతాకీ!"

"మా కొరకు వేడుకొనండి," అన్నారు ముసలమ్మలందరూ, కళ్లు తెరవకుండానే.

ఒక కండువా కిసుక్కుమంది. లక్ష్మీరాజం గుడాలు ముట్టకుండా లేచిపోయాడు. పక్కింటి బాలవ్వ రెండో ప్లేటు అందుకుంటూ, "ఏందిరా సదానందం, కొత్త పేరు కలిపినవ్? మంచిగనే ఉన్నది," అంది.

మరునాటికి ఆ వీడియో చూసి ఊరంతా నవ్వింది. టికెట్ లేదని లక్ష్మీరాజం ఫోన్ చేశాడు. పైసలడిగితే, పార్టీకి ఖర్చయినయన్నాడు.

"నీ నోరు పడిపోను! అంత నీ నోటితోనే పోయింది," అని సదానందం అన్నం ప్లేటు గోడకు కొట్టాడు.

"ఎత్తవే, కాళ్లకు తగుల్తది," అంది భూమవ్వ.

తెరేజమ్మ ఎత్తలేదు. చెప్పులేసుకుంది.

"ఎటు పోతున్నవ్?" అన్నాడు సదానందం.

"లక్ష్మీరాజం ఇంటికి."

"ఇజ్జత్ తీస్తవా? పోయి ఏమడుగుతవే ఆయన్ని?"

"కాలువ కింద నా పదకొండు గుంటలు."