రెండో రీడింగు

...అదే అంకె రెండుసార్లు వేస్తే అనుమానం వస్తుందని మూడు సెకన్లు కలిపాను చూడు, అక్కడ తెలిసింది నా తెలివి. సెకనంటే కాలం కాదు, కోణంలో పిసరు. ఏ కోణమైనా ఒకసారి చూసి, దుర్భిణిని తిరగేసి మళ్లీ చూడాలి. సర్వే పనిలో చేరిన మొదటిరోజే చెప్పే మాట. ఆ ఉదయం ఒకసారి చూశానో లేదో, నదిమీద మంచు కమ్మి అవతలి ఒడ్డున జెండా మళ్లీ కనపడలేదు. రెండోసారి చూడలేకపోయానని రాస్తే ఎవరు కొట్టేవారు? ఊహించి పుస్తకంలో వేసేశాను.

పద్నాలుగు నెలలైంది. ఆ అంకెతో గీసిన గీత పట్టుకునే ఇటునుంచి మావాళ్లు, అటునుంచి బావ ముఠా, నది కింద రైలు సొరంగం తవ్వుకుంటూ వచ్చారు. ఇవాళ కలవాలి. కలవకపోతే నాతోపాటు, నన్ను ఈ పనిలో పెట్టించిన బావ కూడా రోడ్డున పడతాడు. సర్వేయరు దగ్గరుండాలన్నది ఆనవాయితీ కాబట్టి నిలబడ్డాను.

"ఏంటయ్యా, నదంతా నువ్వొక్కడివే నెత్తిన మోస్తున్నట్టు ఆ మొహమేంటి?" అన్నాడు మేస్త్రీ.

నవ్వాననుకుంటాను. ఉన్నట్టుండి డ్రిల్లు గొంతు మారింది. రాయిని కాక గాలిని కొరుకుతోంది. వెనక్కి లాగారు. జానెడు కన్నం. అందులోంచి దుమ్ము, వెలుతురు, ఆ వెనకే బావ గొంతు.

"ఒరేయ్ బామ్మర్దీ! ఉన్నావా, పారిపోయావా?"

మేస్త్రీ కన్నంలోంచి తాడు లాగించి, వాళ్ల గీతకీ మా గీతకీ మధ్య టేపు పెట్టాడు. నేను టేపు చూడలేదు. అతని చెవి వెనక అంటిన మట్టినే చూస్తున్నాను.

"రెండు వేళ్లు," అన్నాడు. "తేడా రెండు వేళ్లంటే రెండే వేళ్లు!"

ఆకలేసింది, సిగ్గులేకుండా. ఆ పుటను ఇక ఎవరూ తిప్పరు.

"మీ ఇంట్లో ఈ సొరంగమంత సూటిగా ఎవరైనా మాట్లాడారట్రా ఇన్నేళ్లలో?" అంటున్నాడు బావ. "మీ అక్కతో చెప్పాలి!"

అటువైపు గొల్లుమన్నారు. నేనూ పొట్టపట్టుకుని నవ్వాను. నవ్వు ఆగాక కూడా ఒళ్లు తేలిగ్గానే ఉంది. భయం ఉన్నన్నాళ్లూ అది ఒక్కటే కనపడింది. అది లేచిపోయాక, దాని కింద ఇంకోటి కూర్చునుంది, చిన్నది. చెప్పాల్సిన అవసరం తీరిపోయిందని తెలుస్తూనే ఉంది. అందుకేనేమో, చెప్పగలననిపించింది.

కన్నానికి నోరు ఆనించాను.

"బావా, ఆ రోజు నేను రెండోసారి చూడలేదు."