పేరు పెట్టి పిలిచే ఆకు

తాతగారి ఆకులో వడ చల్లారితే మా ఆయనకు కోపం. తాతంటే ఆయన తాత వీరాస్వామి. ఇక్కడ మలేసియాలోనే బాగన్ దాతుక్ కొబ్బరితోటలో పనిచేస్తుంటే, యుద్ధంలో జపానువాళ్ళు సయాంలో, అంటే ఇప్పటి థాయ్‌లాండులో, రైలుదారి వేయడానికి లారీలో ఎక్కించుకుపోయారు. తిరిగి రాలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఏటా పెద్దల అమావాస్యకు, ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, నేనెన్నడూ చూడని ఆ మనిషికి వండుతున్నాను. ఆకు వేసి పేరు పెట్టి పిలిస్తేనే పెద్దలు వచ్చి తింటారని మావాళ్ళ నమ్మకం. పిలిచేది మా ఆయన. వండేదాన్ని మాత్రం "ఏమే" అంటే చాలు.

ఈసారి కౌలాలంపూర్ నుంచి విజయరాణి కెమెరాతో వచ్చింది. కాలేజీలో చరిత్ర చెబుతుంది. యూదుల ఊచకోత గురించి జర్మనీలో, పోలండులో పిల్లలకు ఎలా నేర్పుతున్నారో చూసి వచ్చిందట. రైలుదారిలో పోయిన మనవాళ్ళ గురించి ఇక్కడా అలా పాఠం ఉండాలని ఆమె ఆరాటం.

"అక్కడ పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పైకి చదువుతారక్కా" అంది నాతో.

మా ఆయన కిశోర్‌కుమార్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తాత ధైర్యం గురించి ఊదరగొట్టాడు. అదంతా కళ్ళారా చూసింది ఆయన మేనత్త పోలమ్మ ఒక్కతే. ఆమె నోరు తెరిచినప్పుడల్లా "నువ్వుండత్తా, నీకేటి తెల్దు లా" అని ఇక్కడివాళ్ళ "లా" తగిలించి కసిరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా వడలు మాడకుండా చూసుకున్నాను.

చివరికి విజయరాణే, అవ్వను ఇక్కడి తమిళ అలవాటులో "పాటీ" అంటూ, పోలమ్మను అడిగింది. "మీ అమ్మగారి సంగతి చెప్పండి పాటీ."

"లారీ ఎనకాల పరిగెత్తినాది. నాయన పనీ తన పనీ తనే సేసినాది. మాకు కూడెట్టి తను గంజినీళ్ళు తాగినాది. నాకు పదేళ్ళు నిండకముందే సచ్చిపోనాది."

"ఆవిడ పేరు?"

పోలమ్మ చాలాసేపు వెతుక్కుంది. "అమ్మ... అమ్మనే పిలిసినాను."

మా ఆయన నవ్వేశాడు. "ఆడోళ్ళ పేర్లు ఎవుడికి గుర్తుంటాయి లా? వీరాస్వామి పెళ్ళామని రాసుకోండి."

ఇంకెవరిని అడగాలి? తెలిసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. విజయరాణి అలాగే రాసుకుంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది?

నేను తాతగారి పక్కన ఇంకో ఆకు వేశాను.

"అదెవరికే?"

"మీ నాయనమ్మకి."

"ఏటని పిలుస్తావు?"

అన్నం వడ్డించాను, వేడి వడ వేశాను. నిజంగానే ఏమని పిలవాలో నాకు తెలియదు. పోలమ్మ నావైపే చూస్తోంది. చేతులు జోడించి, ఈ ఇంట్లో ఎవరూ పలకని నా పేరే పెట్టి పిలిచాను.

"మోహనప్రియా, రా, తిను."