రామక్కది ఏ రకం

మసిలే తొట్టిలో పట్టుగూళ్ళు పొర్లుతున్నాయి. రామక్క వేళ్ళు ముంచి, దారం కొస పట్టి, తిరిగే రాట్నానికి అందించింది. మదనపల్లెలోని ఈ షెడ్డుకు ఆమె పెళ్ళయిన ఏడాదే పనికి వచ్చింది. వేళ్ళ చివర్లు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి.

దగ్గు వచ్చింది. దారం తెగకుండా తల పక్కకు తిప్పి దగ్గింది. ఏడాదిగా ఇదే వరస. ఆవిరికీ, ఉడికిన పురుగుల కంపుకీ ఈ షెడ్డులో దగ్గనివాళ్ళు లేరు. అందుకే అందరిలాగే సిరప్పు తాగి ఊరుకుంది. తప్పంతా అక్కడే జరిగింది. బీడీ పొగైనా ఎరగని మనిషికి ఊపిరితిత్తుల్లో క్యాన్సరని ఎవరికి తోస్తుంది?

అడినోకార్సినోమా అన్నాడు పెద్దాసుపత్రి డాక్టరు. పేరొకటే గానీ అందులో రకాలున్నాయట. గాలితిత్తుల గోడలను అంటుకుని మెల్లగా పాకేది ఒకటి. గ్రంథుల్లా అల్లుకునేది ఒకటి. గట్టిగా ముద్దకట్టి తొందరగా వ్యాపించేది ఇంకొకటి. ఒకే గడ్డలో రెండు మూడు కలిసీ ఉండొచ్చు, ఏది ఎక్కువుంటే దాని పేరే పెడతారు. జన్యువుల్లో ఫలానా మార్పు దొరికితే మాత్రలతోనే నెట్టుకురావచ్చు. ఏ రకమో తేల్చడానికి గడ్డలోంచి తీసిన ముక్క మరో పరీక్షకు వెళ్ళింది.

ఇన్ని చెబితే రామక్క మొదటిదాన్నే పట్టుకుంది. "నాది మెల్ల రకమేలే" అని పక్క తొట్టి యశోదమ్మకు తనే చెప్పేసింది.

ఈరోజు కూతురు సుధారాణి రిపోర్టు తేవడానికి వెళ్ళింది. తలుపు చప్పుడైతే చాలు, రామక్క తల తిప్పి చూస్తోంది.

మధ్యాహ్నం దాటాక సుధారాణి వచ్చి తొట్టి పక్కన నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"సెప్పు పాపా. ఏ రకమంట?"

"గట్టి రకమే ఎక్కువుండాదంట మా. మాత్రలకు లొంగే మార్పు గూడా లేదంట. సెలైన్లో మందు ఎక్కించాలంట. రేపే రమ్మన్నారు."

"మెల్లది రవ్వంతన్నా లేదా?"

"ఉండాది మా. రవ్వంత."

రామక్క వేళ్ళు దారం కొస మీదే ఆగిపోయాయి. "బయమేస్తాండాది పాపా," అంది. ఆ మాట ఆమె ఎవరితోనూ అనడం అదే మొదలు. తొట్టిలో మిగిలిన గూళ్ళు అయ్యేదాకా దారం తీసి, చీర చెంగుకు చేతులు తుడుచుకుని కూతురి వెంట వెళ్ళింది.

మందు ఎక్కించారు. గడ్డ లొంగలేదు. ఆ చలికాలం పోకముందే రామక్క ఆసుపత్రి మంచం మీద, సుధారాణి చెయ్యి పట్టుకునే పోయింది.

రామక్క తొట్టికి కొత్తామె వస్తుందంటే యశోదమ్మ కిటికీ గూడు సర్దింది. పని దిగాక వేళ్ళకు పూసుకునే వ్యాసలైను డబ్బా కనబడితే మూత తీసింది. మధ్యలో రామక్క వేలు తవ్విన గుంట అట్లాగే ఉంది.