ఫొటో కింద రాసిన మాట

పత్రికాఫీసులో ఆమెని అందరూ డేగ అనేవారు. ఎంత గుంపులోనైనా కావలసిన ముఖాన్ని ఇట్టే పట్టేస్తుందని ఆ పేరు. పేరైతే మోగిపోయింది గానీ ఉద్యోగం మాత్రం గాల్లో దీపమే. ఏటా కొత్త కాంట్రాక్టు మీద సంతకం పెట్టించుకునేవారు. పర్మనెంటు మాటెత్తితే ఎడిటర్ కిటికీలోంచి బయటికి చూసేవాడు.

సంచులు కుట్టే ఫ్యాక్టరీ తగలబడిన రోజున ఆమెని ఆసుపత్రికి పంపారు. అంబులెన్సులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి వస్తున్నాయి. మెట్ల మీద ఒకాయన కూలబడి, రెండు చేతులతో తల పట్టుకుని, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడుస్తున్నాడు. ఖాకీ చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకున్నాడు. వెనక గాజు తలుపు మీద అంబులెన్సు ఎర్రలైటు పడి మెరుస్తోంది. డేగ మోకాళ్ళ మీద కూర్చుని టకటకా ఫొటోలు తీసింది. పేరు అడుగుదామని లేచేసరికి ఇంకో స్ట్రెచర్ దిగింది. అటు పరిగెత్తింది.

ఫొటోలు పంపిన కాసేపటికి, పేజీలు దిద్దే డెస్కు నుంచి ఫోనొచ్చింది.

"మెట్ల మీద మనిషి ఎవరు? భార్య పోయిందా?"

"అయ్యుండొచ్చు. కనుక్కోలేదు" అని ఫోను పెట్టేసింది.

రెండో మాట అవతలివాళ్ళ చెవిన పడిందో లేదో, పడినా అక్కర్లేదనుకున్నారో. తెల్లారి మొదటి పేజీ పై సగమంతా ఆ ముఖమే. కింద, 'భార్యను మంటలు మింగేశాయి. ఇక ఎవరికోసం?' అని ఉంది.

ఆ ఫొటో ఊళ్ళు దాటింది, దేశాలు దాటింది. పత్రిక దాన్ని వార్తాసంస్థకి అమ్మింది, ఆ సంస్థ ఇంకెందరికో అమ్మింది. ఎవరో దాన్ని పెట్టి బాధితుల కోసం చందాలు కూడా పోగుచేశారు. పెద్ద ఫొటోల పోటీలో చివరి వడపోత దాకా వచ్చిందని తెలిశాక ఎడిటర్ మొదటిసారి కిటికీ వదిలి ఆమె ముఖంలోకి చూశాడు. "బహుమతి రానీ, నీ పర్మనెంటు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు. ఇంట్లో అమ్మ ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. "ఏడ్చేవాణ్ణి గోడకెక్కిస్తావేంటే" అని పిన్ని గొణిగితే, "నా కూతురు తీసింది, నా గోడ, నీకేం?" అంది.

ఒకరోజు రిసెప్షన్ నుంచి కబురొచ్చింది. కిందకి వెళ్తే, మోచేతి దాకా కట్టుతో ఒకావిడ కుర్చీ అంచున కూర్చుని ఉంది.

"ఎవరండీ మీరు?"

"మీ పేపర్లో చచ్చిపోయినదాన్ని" అందావిడ.

డేగకి అర్థమయ్యేలోపే ఆవిడ చేతిసంచిలోంచి మడతపెట్టిన పేపరు తీసి, ఆ ముఖం మీద వేలు పెట్టింది. "ఈయన మా ఆయన. స్కూలు వ్యాను తోలతాడు. నేను చెయ్యి కాలినా బతికి బయటపడ్డానని నర్సు చెప్పింది చూడండి, అప్పుడు ఏడ్చాడు. మా పెళ్ళినాడు కూడా అంత సంతోషం చూళ్ళేదు ఆయన ముఖంలో."

డేగ పేపరు అందుకుని, ఫొటో కింద మాట మళ్ళీ చదివింది.

"మొదట్లో నవ్వుకున్నాం మేడంగారూ. మా ఆడపడుచు ఏడ్చుకుంటూ వచ్చి, తలుపు తీసిన నన్ను చూసి కెవ్వుమని గుమ్మంలోనే పడిపోయింది. ఆమె ముఖాన నీళ్ళు చల్లింది నేనే." ఆవిడ నవ్వబోయి ఆగింది. "తర్వాత చందాల గోల మొదలైంది. బతికున్న పెళ్ళాన్ని చంపి డబ్బు దండుకున్నాడన్నారు. ఒక్క పైసా మా గడప తొక్కలేదు. పిల్లల తల్లిదండ్రులు ఇలాంటివాడి వ్యాను మా పిల్లల్ని ఎక్కించం అన్నారు, స్కూలువాళ్ళు రావద్దన్నారు. ఆయనిప్పుడు గది దాటి రావట్లేదు. నన్ను చంపింది మొదటి పేజీలో. బతికించేది కూడా అక్కడే బతికించండి. నేనడిగేది అంతే."

డేగ తిన్నగా ఎడిటర్ గాజుగదిలోకి వెళ్ళింది. ఆయన అంతా విని, లేచి తలుపు మూశాడు.

"సవరణ వేద్దాం. పోటీ ఫలితాలు రానీ. లోపలి పేజీలో రెండు లైన్లు."

"మొదటి పేజీలో సార్. ఇప్పుడే."

"మరి నిన్నేం చెయ్యమంటావు? అయ్యుండొచ్చన్నది ఎవరు?"

"కనుక్కోలేదని కూడా అన్నాను."

"అది డెస్కులో ఎవరికీ గుర్తులేదు. అయ్యుండొచ్చు మాత్రం అందరికీ గుర్తుంది." గొంతు తగ్గించాడు. "నీ మంచికే చెప్తున్నా. కాస్త ఓపిక పట్టు."

గాజు అవతల డెస్కువాళ్ళందరూ తలలు వంచుకుని పని చేసుకుంటున్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది డేగ పరిస్థితి. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, మూసుకుంటే ఆ మనిషి పోతాడు.

ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళింది. ఒకే గది. కిటికీకి దుప్పటి అడ్డంగా కట్టి, నాలుగు మూలలా మేకులు కొట్టారు. బయట ఇంకా వెలుతురుండగానే బల్బు వెలుగుతోంది. డ్రైవరు మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఆమె భుజానికున్న కెమెరా సంచి చూడగానే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. డేగ సంచిని గుమ్మం బయట పెట్టి వచ్చింది.

"ఆ ఫొటో ఎక్కడెక్కడుందో అన్నిచోట్లా తీసెయ్యండమ్మా" అన్నాడు.

"నా చేతిలో లేదండీ. హక్కులన్నీ పత్రికవి. అలా సంతకం పెట్టాను."

ఆయన అడ్డం పెట్టుకున్న చెయ్యి దించాడు. "ముఖం నాది. తీసింది మీరు. మనిద్దరిదీ కాదంటే మరి ఎవరిదమ్మా అది?"

భార్య మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. డేగ తాగి లేచి వచ్చేసింది.

ఇంటికెళ్ళి ఫొటోల పోటీ నడిపేవాళ్ళకి జరిగింది జరిగినట్టు రాసింది. ఆయన ఏడ్చింది సంతోషంతో అని, పేరు కూడా అడగకుండా తాను పరిగెత్తానని, ఫొటో వెనక్కి తీసుకుంటున్నానని. అమ్మ వెనకనుంచి చదివింది. "పంపేముందు ఒక్కసారి ఆలోచించుకో. రేపు నీ వెనక ఒక్కడూ నిలబడడు" అంది. డేగ పంపేసింది. అమ్మ హాల్లోకి వెళ్ళి ఫ్రేము దించి, ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు చేతుల్లోనే పట్టుకుని నిలబడింది.

నిజం చెప్తే ముడి విడిపోతుందనుకుంది డేగ. ఇంకా బిగిసింది. పత్రిక లోపలి పేజీలో, వాతావరణ వార్త కింద, 'ఫొటోగ్రాఫర్ ఇచ్చిన తప్పుడు సమాచారం వల్ల' అంటూ రెండు లైన్లు వేసి, ఆమె కాంట్రాక్టు అక్కడితో ఆపేసింది. మిగతా పత్రికలకి పండగైంది. డ్రైవర్ని కూర్చోబెట్టి నటింపజేసి తీసిన దొంగ ఫొటో అని ఒకడు రాశాడు. చందాల డబ్బు ఇద్దరూ చెరిసగం పంచుకున్నారని ఇంకొకడు రాశాడు. ఇంతకుముందు అబద్ధాలకోరు ఒక్కడే. ఇప్పుడు జంట దొరికింది. ఏ పత్రికా ఆమెకి పనివ్వలేదు. ఇద్దామనుకున్నవాళ్ళు కూడా, గొడవ చల్లారనీ చూద్దాం అనేవారు. అది చల్లారే రకం కాదు. ఎక్కడ మంటలంటుకున్నా ఆ ముఖం మళ్ళీ ఫోన్లలో తిరగడం మొదలుపెట్టేది.

చివరికి బస్టాండు పక్కన పాస్‌పోర్టు ఫొటోల స్టూడియోలో కుదిరింది. కిటికీ లేని గది, తెల్ల తెర, ఒక స్టూలు. పొద్దస్తమానం "గడ్డం కొంచెం పైకి, కళ్ళు ఆర్పకండి" అనడమే పని.

వానలు తగ్గుముఖం పట్టాక ఒక మధ్యాహ్నం తలుపు తోసుకుని డ్రైవరు భార్య వచ్చింది. ఆమె వెనకే, చిక్కటి గడ్డంతో ఆయన.

"వేరే చోట లారీ పని దొరికేలా ఉంది. లైసెన్సు మార్పించుకోవాలి. గడ్డం తీస్తే జనం గుర్తుపడతారు, తియ్యకపోతే పాత ఫొటోతో కలవట్లేదని ఆఫీసువాళ్ళంటారు" అంది ఆవిడ. "కొత్తది కావాలి. ఇంకొకళ్ళ దగ్గరికైతే రానన్నాడు."

"నా దగ్గరికి వస్తానన్నారా?" అంది డేగ నమ్మలేక.

"మీ దగ్గరికీ రానన్నాడు. మీరైతే ఇంతకంటే పాడుచేసేదేం మిగల్లేదని నేనే లాక్కొచ్చా."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. ఒకసారి కరిచిన కుక్కని చూసినట్టు లెన్సుని చూశాడు. డేగ తొందరపెట్టలేదు. బయట బస్సులు హారన్లు కొడుతున్నాయి, వరసలో ఉన్నవాళ్ళు తలుపు తడుతున్నారు. "మీరు చెప్పినప్పుడే" అంది. ఎంతోసేపటికి ఆయన తల ఊపాడు. ఒక్కటే తీసింది.

తెర మీద చూపిస్తే ఆయన వంగి చూసి, "ఇది కూడా నేను కాదు" అన్నాడు.

"లైసెన్సుకి నువ్వు కానక్కర్లేదయ్యా, పోలిక ఉంటే చాలు" అంది భార్య.

కాపీలు చేతికందాక ఆయన మొదటిసారి డేగ కళ్ళలోకి చూశాడు. "లోపల ఉన్నది తీసెయ్యండమ్మా."

ఆయన చూస్తుండగానే తీసేసింది. తెర ఖాళీ అయింది.

"ఇంకెక్కడా లేదుగా?"

"లేదండీ."

ఆయన కాపీలని జేబులో పెట్టుకుని తలుపు దాకా వెళ్ళాడు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి, కెమెరాని, కంప్యూటర్ని, గోడకున్న వైర్లని ఒక్కొక్కటే చూశాడు.

"నిజంగా లేదుగా?" అని మళ్ళీ అడిగాడు.